గుమాస్తాకే జైలు!

ఏ.ఎస్.రావు నగర్ నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాటి ముందుకెళ్తే చర్లపల్లి. 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యాక ఆ పేరు చెబితే రైలు గుర్తొస్తోంది కానీ, అంతకుముందు ఎవరికైనా గుర్తొచ్చేది జైలే! దానికి ఎత్తైన గోడలున్నాయి, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లున్నారు. మనం చెప్పుకోబోయే జైలుకు మాత్రం గోడల్లేవు. అది కంప్యూటర్లో ఒక ఫోల్డరు. అందులో ఖైదీ ఏ నేరమూ చేయలేదు. పైగా అందరికీ నమ్మకస్తుడు. అయినా సరే... లోపల పెట్టాల్సిందే!

ఏ.ఎస్.రావు నగర్‌లో ఏదో ఒక వీధి అనుకోండి. రెండంతస్తుల ఇల్లు. కింద రిటైరైన తండ్రి, టీవీ చూసే తల్లి. మేడమీద కొడుకూ అతని ముగ్గురు స్నేహితులూ కలిసి నడుపుతున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇలాంటి ఇంటిని ఊహించుకోవడం ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఏమంత కష్టం కాదు. అర్ధరాత్రి దాటినా పైన లైటు వెలుగుతుంటే తల్లి మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది.

'ఇంకా పడుకోలేదేంట్రా?'

'జైలు కడుతున్నానమ్మా.'

'జైలా! ఎవరికి?'

'మా సర్వర్‌కి.'

'అదేం తప్పు చేసింది?'

'ఇంకా ఏమీ చెయ్యలేదు. చేస్తుందేమోనని...'

ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టి, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి కిందికెళ్లిపోయింది. కానీ ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. ప్రపంచమంతా కంప్యూటర్లు నడిపేవాళ్లు నలభై ఏళ్లకు పైగా వాడుతున్న ఒక ఉపాయమది. దానిపేరు సీహెచ్‌రూట్. 'ఛేంజ్ రూట్' అన్న రెండు మాటల్ని కుదించి పెట్టిన పేరు. ముద్దుగా అందరూ పిలిచేది మాత్రం జైలనే.

జైలు అన్లాక్ చేసేముందు ఖైదీ ఎవరో తెలుసుకోవాలిగా!

'ఫైనల్'... 'ఫైనల్ ఇదే'!

ఈ వ్యాసం సంగతే చూడండి. నా కంప్యూటర్లో దీనికి 'జైలు', 'జైలు కొత్తది', 'జైలు ఫైనల్', 'జైలు ఫైనల్ ఇదే' అని నాలుగు ఫైళ్లున్నాయి. రెండోదాంట్లో బాగా కుదిరిన ఒక పేరా నాలుగోదాంట్లో లేదు. ఎప్పుడు తీసేశానో, ఎందుకు తీసేశానో నాకే గుర్తులేదు. ఒక్క మనిషి రాసే నాలుగు పేజీలకే ఇంత తిప్పలైతే, వందలమంది కలిసి లక్షల లైన్ల ప్రోగ్రామ్ రాసేచోట పరిస్థితేంటి? ఒకరు దిద్దింది మరొకరు చెరిపేస్తారు. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోతుంది. ఎవరు ఏం మార్చారో చెప్పే నాథుడుండడు.

ఈ గొడవ తీర్చేదే వెర్షన్ కంట్రోల్ సర్వర్. అదొక గుమాస్తా. పెద్ద చిట్టాపుస్తకం ముందేసుకుని కూర్చుంటాడు. ఎవరు ఏ లైను మార్చినా ఎప్పుడు, ఎవరు, ఎందుకు అని రాసుకుంటాడు. పాతది చెరపడు. మూడేళ్ల కిందటి మంగళవారం నాడు ఈ ఫైలు ఎలా ఉందో చూపించమంటే క్షణంలో తీసిస్తాడు. బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ 1972లో మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్ ఈ గుమాస్తాల వంశానికి ఆద్యుడు. ఆ తరవాత ఆర్‌సీఎస్, సీవీఎస్ వచ్చాయి. 2004లో సబ్‌వర్షన్ మొదటి పూర్తిస్థాయి వెర్షన్ విడుదలైంది. 2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ని రాశాడు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు అదే.

ఇందులో మనకూ వాటా ఉంది. లినక్స్ కంప్యూటర్లో మెనూలు తెలుగులో కనిపిస్తున్నాయంటే, వాటి వెనక పైసా తీసుకోకుండా ఒక్కో మాటా తెలుగు చేసిన వలంటీర్లున్నారు. ఆ అనువాదాలన్నీ ఇలాంటి సర్వర్లలోనే భద్రంగా ఉంటాయి. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 2009లో సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి ఇల్లు మారినప్పుడు, సామాన్లతోపాటు మన తెలుగు ఫైళ్లూ బండెక్కి వెళ్లాయి.

మేడమీది కుర్రాళ్లకైతే ఆ చిట్టానే ఆస్తి. ఆఫీసులో కుర్చీలు పోతే కొనుక్కోవచ్చు. నాలుగేళ్లు రాసిన ప్రోగ్రామ్ పోతేనో, ఎవరో దాంట్లో చెయ్యి పెట్టారని అమెరికాలో ఉన్న క్లయింటుకు తెలిస్తేనో... దుకాణం మూసుకోవడమే!

తాళంచెవి జేబులో ఉన్న రోజులు

అసలు ఈ బెడద ఎప్పుడు మొదలైందో తెలియాలంటే ఆ కాలనీ పేరు దగ్గరికే వెళ్లాలి. ఏ.ఎస్.రావు అంటే అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, ఆపైన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదివారు. హోమీ భాభా దగ్గర అణుశక్తి ఎలక్ట్రానిక్స్ పని చేసి, 1967లో మొదలైన ఈసీఐఎల్‌కి సారథి అయ్యారు. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ సంస్థ ఉద్యోగుల ఇళ్లతో పెరిగిన కాలనీకి ఆయన పేరే నిలిచింది.

ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పని మొదలుపెట్టింది. అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక గది. దాని భద్రత అంటే ఆ గది తాళం. తాళంచెవి ఎవరి జేబులో ఉంటే వాళ్లే యజమాని. ఇంటర్నెట్ లేదు, బయటివాడు తలుపు తట్టే ప్రశ్నే లేదు.

తరవాత యునిక్స్ లాంటివి వచ్చాయి. ఒకే యంత్రాన్ని ఇరవైమంది, ముప్ఫైమంది ఒకేసారి వాడుకోవడం మొదలైంది. గది తాళం సరిపోలేదు. యంత్రం లోపలే గోడలు కావాల్సివచ్చాయి. ఆపైన ఇంటర్నెట్ వచ్చి, గదికున్న తలుపును నేరుగా నడివీధిలోకి తెరిచింది.

వెర్షన్ కంట్రోల్ సర్వర్ పనే ఆ తలుపు దగ్గర కూర్చోవడం. సీవీఎస్ గుమాస్తా 2401 నంబరు కిటికీ దగ్గర, సబ్‌వర్షన్ గుమాస్తా 3690 నంబరు దగ్గర 'ఎవరొస్తారా' అని ఎదురుచూస్తుంటారు. ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్లలో ఒకడు మాయమాటలు చెప్పి గుమాస్తాను లొంగదీసుకుంటే? ఇది ఊహ కాదు. 2003 జనవరిలోనూ, మళ్లీ 2004 మేలోనూ సీవీఎస్ సర్వర్‌లో అలాంటి లోపాలే బయటపడ్డాయి. తేడాగా అల్లిన ఒక సందేశం పంపితే చాలు, గుమాస్తా బుర్ర తిరిగిపోయి, వచ్చినవాడు చెప్పినట్టల్లా ఆడతాడు.

లోపాలు లేకపోయినా ముప్పు తప్పలేదు. చిట్టాలో రాసే హక్కున్న మనిషి, కావాలనుకుంటే ఆ యంత్రంలో ప్రోగ్రాములు కూడా నడపగలడని సీవీఎస్ తయారీదారుల మాన్యువలే హెచ్చరించింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు! పైగా పాస్‌వర్డ్‌తో లోపలికి రానిచ్చే సీవీఎస్ పద్ధతిలో గుమాస్తా మొదట యజమాని హోదాలోనే డ్యూటీ ఎక్కేవాడు. వచ్చినవాణ్ని గుర్తుపట్టాకే ఆ హోదా దిగేవాడు. అంటే ఆ కొద్దిసేపూ ఇంటి తాళాలన్నీ అతని మొలకే ఉంటాయన్నమాట.

నూతిలో కప్ప

ఇక్కడే జైలు అక్కరకొస్తుంది. యునిక్స్‌లో ఫైళ్లన్నీ ఒక చెట్టులా ఉంటాయి. మొదలు ఒక్కటే, దాని పేరు రూట్. అక్కణ్నుంచి కొమ్మలు, రెమ్మలు. ఏ ఫైలు అడ్రసు చెప్పాలన్నా ఆ మొదలు నుంచే లెక్క. సీహెచ్‌రూట్ చేసేది చిత్రమైన పని. ఒక ప్రోగ్రామ్ దగ్గరికెళ్లి, చెట్టులో ఎక్కడో ఉన్న ఒక కొమ్మను చూపించి, 'ఇదే మొదలు' అని నమ్మిస్తుంది. అంతే! ఆ ప్రోగ్రామ్‌కి మిగతా చెట్టు లేనట్టే. వెనక్కి ఎన్ని అడుగులు వేసినా ఆ కొమ్మ దగ్గరే ఆగిపోతుంది. నూతిలో కప్పకు నుయ్యే లోకం కదా, సరిగ్గా అలాగన్నమాట.

ఇప్పుడు దొంగ గుమాస్తాను లొంగదీసుకున్నాడే అనుకుందాం. 'మీ యజమాని బీరువా చూపించు' అంటాడు. 'బీరువానా? అదేంటి?' అంటాడు గుమాస్తా. అతను దాస్తున్నది ఏమీ లేదు. నిజంగానే కనబడదు!

తమాషా ఏమిటంటే, దీన్ని కనిపెట్టినవాళ్ల మనసులో దొంగల ఊసే లేదు. 1979లో యునిక్స్ ఏడో వెర్షన్‌లో ఇది కనిపించింది. 1982లో బర్క్‌లీలో బిల్ జాయ్ దీన్ని వాళ్ల బీఎస్‌డీ యునిక్స్‌లో చేర్చుకున్నది, కొత్త వెర్షన్‌ని పాత యంత్రంలోనే ఓ మూల కట్టి పరీక్షించడానికి. పాత ఇంట్లో కాపురముంటూనే పెరట్లో కొత్తిల్లు లేపుకోవడం లాంటిదన్నమాట.

దానికి జైలు వేషం వేసింది బిల్ చెస్‌విక్. 1991 జనవరిలో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్ కంప్యూటర్‌లోకి ఒకడు దూరడానికి ప్రయత్నించాడు. పాస్‌వర్డ్‌ల ఫైలు కావాలని అడిగాడు. చెస్‌విక్ తలుపు మూసేయలేదు. ఓ దొంగ పాస్‌వర్డ్ ఫైలు తయారుచేసి చేతిలో పెట్టాడు! తరవాత సీహెచ్‌రూట్‌తో ఒక బొమ్మ కంప్యూటర్‌ని అమర్చి, ఆ పెద్దమనిషిని అందులోకి రానిచ్చి, ఏం చేస్తాడా అని నెలల తరబడి చూస్తూ కూర్చున్నాడు. బెర్ఫెర్డ్ అని పేరు పెట్టుకుని మరీ! వచ్చినవాడు నెదర్లాండ్స్ నుంచి ఆడుతున్నాడని చివరికి తేలింది. చెస్‌విక్ ఈ కథంతా ఒక పత్రంలో రాశాడు. భద్రత గురించిన పత్రాల్లో నవ్వుకుంటూ చదవగలిగినవి చాలా తక్కువ, అది వాటిలో ఒకటి.

ఖైదీకి సామాను సర్దడం

మళ్లీ మేడమీదికి వద్దాం. కుర్రాడు అర్ధరాత్రి దాకా తంటాలు పడుతున్నది దేనికంటే... జైలు కట్టడం ఒక్క ఆదేశంతో అయిపోతుంది. అందులో ఖైదీ బతికేలా చూడటమే కష్టం.

లోకమంతా కనబడకుండా పోయాక గుమాస్తాకి తన సొంత పనిముట్లూ కనబడవు. కాబట్టి అతనికి కావాల్సినవన్నీ ముందే లోపల పెట్టాలి. మొదట సర్వర్ ప్రోగ్రామ్‌నే ఒక కాపీ తీసి పెడతారు. నడిపి చూస్తే 'అలాంటి ఫైలు లేదు' అంటుంది. ఫైలేమో కళ్లెదుటే ఉంటుంది! ఈ పని మొదటిసారి చేసే ప్రతివాడూ ఇక్కడ ఒక గంటైనా జుట్టు పీక్కుంటాడు. లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించే మరో చిన్న ప్రోగ్రామ్. ఆ ముక్క చెప్పకుండా 'లేదు' అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది యంత్రం. గవర్నమెంటాఫీసులో 'ఒక కాగితం తక్కువైంది' అని, ఏ కాగితమో చెప్పకుండా పంపించేసినట్టు!

ఏ ప్రోగ్రామ్‌కి ఏయే లైబ్రరీలు కావాలో ఎల్‌డీడీ అనే ఆదేశం జాబితా ఇస్తుంది. వాటన్నిటినీ జైల్లోని 'లిబ్' ఫోల్డర్‌లోకి చేరవేయాలి. అక్కడితో అయిపోదు. జాబితాలో కనిపించకుండా, సగం పని అయ్యాక పిలుచుకునే లైబ్రరీలు కొన్ని ఉంటాయి. పెళ్లిపిలుపుల జాబితాలో లేకుండా భోజనాల వేళకు వచ్చే చుట్టాల్లాగా. వాటిని పట్టుకోవాలంటే ఎస్‌ట్రేస్ అనే పనిముట్టుతో, ప్రోగ్రామ్ ఏ ఫైలు కోసం ఎక్కడెక్కడ వెతుకుతోందో లైను లైనూ చూడాలి.

చెత్త పారేయడానికి 'డెవ్ నల్' కావాలి. అంకెలు కలగలిపి ఇవ్వడానికి 'డెవ్ యురాండమ్' కావాలి. రాసుకోవడానికి ఓ తాత్కాలిక ఫోల్డరు కావాలి. 'ఈటీసీ'లో పాస్‌వర్డ్ ఫైలు కూడా కావాలి. అయితే అసలు ఫైలును ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టకూడదు. ఇంట్లోవాళ్లందరి పేర్లూ రాసి జైల్లో గోడకు అంటించినట్టవుతుంది. గుమాస్తా ఒక్కడి పేరున్న ఒకటి రెండు లైన్ల ఫైలు కొత్తగా రాసిపెట్టాలి.

అందరూ మర్చిపోయేది మరోటుంది. 'లోకల్‌టైమ్' అనే చిన్న ఫైలు. మనది ఏ దేశపు సమయమో అందులో ఉంటుంది. అది లోపల లేకపోతే గుమాస్తా గ్రీన్‌విచ్ గడియారం చూసుకుని పనిచేస్తాడు. మనకంటే ఐదున్నర గంటలు వెనక. అన్నీ సవ్యంగానే నడుస్తాయి, లాగ్‌లో టైము మాత్రం తప్పుగా పడుతుంది. రేపు దొంగ ఎప్పుడొచ్చాడో లెక్కతీయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది అసలు నొప్పి.

ఎంత పెట్టాలన్నదానికన్నా ఏది పెట్టకూడదన్నదే ముఖ్యం. షెల్ పెట్టకూడదు. పెర్ల్, కంపైలర్ లాంటివి అసలే వద్దు. దొంగ లోపలికొస్తే చేతికి సుత్తి, ఉలి అందించినట్టే. కానీ ఇక్కడో పేచీ ఉంది. ఎవరైనా ప్రోగ్రామ్ మార్చగానే టీములో అందరికీ మెయిల్ వెళ్లాలి. ఆ పని చేసే 'హుక్' అనే చిన్న స్క్రిప్టుకు షెల్ కావాలి, మెయిల్ పంపే ప్రోగ్రామూ కావాలి. అవన్నీ లోపలికి చేర్చుకుంటూ పోతే జైలు కాస్తా ఇంకో ఇల్లయి కూర్చుంటుంది. కొంచెం ఓపికున్నవాళ్లు వేరే దారి తొక్కుతారు. జైల్లో ఒక చీటీల పెట్టె ఉంటుంది. హుక్ బదులు, షెల్‌తో పని లేకుండా నడిచే బుల్లి ప్రోగ్రామ్ 'ఫలానావాడు ఫలానాది మార్చాడు' అని చీటీ రాసి అందులో వేస్తుంది. బయటున్న మరో ప్రోగ్రామ్ నిమిషానికోసారి వచ్చి చీటీలు తీసుకెళ్లి మెయిల్ చేస్తుంది. ములాఖత్ కిటికీ దగ్గర మాటలు దాటతాయి కానీ మనుషులు దాటరు కదా!

గోడ ఎక్కేవాళ్లు

ఇంత చేసినా సీహెచ్‌రూట్‌ని నమ్మి గుండెలమీద చెయ్యేసుకుని పడుకోవడానికి లేదు. ఎందుకంటే యునిక్స్‌లో రూట్ అన్న పేరు ఇంకొకడికీ ఉంది. సర్వాధికారాలున్న యజమాని యూజర్ పేరూ అదే! ఆ హోదాతో జైల్లో ఉన్నవాడు బయటికి రావడం పెద్ద పనేం కాదు. లోపలే ఇంకో బుల్లి జైలు కట్టి, తను మాత్రం దానికి బయట నిలబడతాడు. యంత్రానికి ఒక మనిషికి ఒక గోడే గుర్తుంటుంది. కొత్త గోడ గుర్తుపెట్టుకున్నాక పాతగోడను మర్చిపోతుంది. ఇంకేముంది, వెనక్కి నాలుగడుగులు వేసుకుంటూ దర్జాగా బయటికి! అందుకే గుమాస్తాను లోపలికి పంపిన మరుక్షణం యజమాని హోదా పీకేయాలి. ఏ అధికారమూ లేని, ఇంకెక్కడా వాడని ఒక పేరు మీద నడపాలి. చాలామంది కట్టిన జైళ్లకు తాళం పడనిది సరిగ్గా ఇక్కడే.

ఇంకోటి, ఇది ఫైళ్లకు మాత్రమే గోడ. లోపలున్నవాడు ఇంటర్నెట్‌లోకి సందేశాలు పంపకుండా ఆపదు. మెమరీ అంతా తినేయకుండా ఆపదు. దానికి ఫైర్‌వాల్, పరిమితులు వేరే పెట్టుకోవాలి. పైగా యంత్రం గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలివాళ్లకూ బయటివాళ్లకూ ఒక్కటే. దానికే చిల్లు పడితే ఏ జైలూ ఆపలేదు. 2003 నవంబరులో డెబియన్ లినక్స్ వాళ్ల సర్వర్లలోకి దూరినవాడు ఎక్కడో కొట్టేసిన పాస్‌వర్డ్‌తో మామూలు మనిషిలా వచ్చాడు. కెర్నెల్‌లోని లోపాన్ని పట్టుకుని యజమాని అయిపోయాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు నిలయమైన జీఎన్‌యూ వాళ్ల సవానా సర్వర్‌లోకీ అదే నెల మొదట్లో దొంగ ప్రవేశించాడు. ఆ సంగతి బయటపడింది డిసెంబరు ఒకటిన. అంటే దాదాపు నెలరోజులపాటు ప్రోగ్రాముల చిట్టాలున్న ఇంట్లో పరాయివాడు తిరుగుతుంటే ఎవరికీ తెలియలేదు!

అన్నట్టు, జైలుకు మరమ్మతులూ వేరే. ఏదో లైబ్రరీలో లోపం ఉందని కంపెనీవాళ్లు కొత్తది పంపితే, బయటి కాపీ మారుతుంది. జైల్లో ఉన్న పాత కాపీ అలాగే ఉంటుంది. కట్టినవాడు ఉద్యోగం మారి వెళ్లిపోతే ఆ కాపీ సంగతి పట్టించుకునేవాళ్లే ఉండరు.

ఒక్క గీత తేడా

ఇక్కడిదాకా వచ్చాక తెలివైన పాఠకులకు ఓ అనుమానం వచ్చి ఉండాలి. కుర్రాళ్ల ఆస్తి ఏది? ఆ చిట్టా. చిట్టా ఎక్కడుంది? గుమాస్తా దగ్గర. గుమాస్తా ఎక్కడున్నాడు? జైల్లో. అంటే దొంగను తీసుకెళ్లి బంగారంతోపాటు ఒకే గదిలో పెట్టి తాళం వేసినట్టేగా!

నిజమే. జైలు మిగతా ఇంటిని కాపాడుతుంది. క్లయింట్ల వివరాలు, మెయిళ్లు, జీతాల లెక్కలు, ఇతర సర్వర్లు వీటన్నిటి జోలికీ దొంగ రాకుండా ఆపుతుంది. చిట్టాను మాత్రం కాపాడలేదు. జైలు కట్టేవాళ్లు చాలామంది ఈ సంగతి గట్టిగా చెప్పరు. చిట్టాను కాపాడేది ఏమిటో తెలియాలంటే, అదే 2003 నవంబరులో జరిగిన మరో కథ వినాలి.

అప్పట్లో లినక్స్ కెర్నెల్ అసలు చిట్టా బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. అది ఇష్టంలేనివాళ్ల కోసం అదే చిట్టాకు నకలు ఒకటి సీవీఎస్ సర్వర్‌లో పెట్టేవాళ్లు. ఎవడో ఆ సీవీఎస్ సర్వర్‌లోకి దూరాడు. ఏమీ దొంగిలించలేదు, ఏమీ చెరపలేదు. కెర్నెల్‌లో ఒకచోట రెండే రెండు లైన్లు కలిపాడు. చూడటానికి మామూలు తనిఖీలా ఉంటుంది. కానీ అందులో రెండు '=' గుర్తులు ఉండాల్సినచోట ఒక్కటే పెట్టాడు. సీ భాషలో '==' అంటే ప్రశ్న. 'నువ్వు యజమానివా?' అని అడగడం. '=' అంటే ఆజ్ఞ. 'నువ్వే యజమానివి' అనడం! ఆ రెండు లైన్లు ప్రపంచంలోని లినక్స్ యంత్రాల్లోకి వెళ్లి ఉంటే, కిటుకు తెలిసిన ఏ మామూలు యూజరైనా యంత్రానికి యజమాని అయిపోయేవాడు. ఒక్క గీత... అంతే తేడా.

దొరికింది ఎలాగంటే, నకలును అసలుతో పోల్చిచూసే ఏర్పాటు ఒకటి ఉండేది. నకల్లో ఉన్న ఒక మార్పుకు అసలు చిట్టాలో జత కనబడలేదు. బిట్‌కీపర్ కంపెనీ నడిపే ల్యారీ మెక్‌వాయ్ ఈ తేడాను డెవలపర్లకు తెలియజేశాడు. మిగతావాళ్లు చూసి గుండె బాదుకున్నారు. ఆ పని ఎవరు చేశారో ఇప్పటికీ లోకానికి తెలియదు.

అంటే ఆ రోజు లినక్స్‌ను కాపాడింది రెండో పుస్తకం. మేడమీద కుర్రాడు జైలుతోపాటు చేయాల్సింది కూడా అదే. ఇంకో యంత్రం రోజూ వచ్చి చిట్టా నకలు తీసుకెళ్లాలి. జైల్లోంచి నకలును బయటికి పంపే ఏర్పాటు పెట్టకూడదు, బయటివాడే వచ్చి తీసుకెళ్లాలి. లోపలున్నవాడికి ఆ రెండో ఇంటి అడ్రసూ, తాళంచెవీ తెలియకూడదు కదా. సబ్‌వర్షన్‌కైతే ఎస్‌వీఎన్‌సింక్ అనే పనిముట్టు ఇందుకే ఉంది. గిట్‌లో ఈ జాగ్రత్త పుట్టుకతోనే వచ్చింది. ప్రతి మార్పుకూ దానిలోని సమాచారం నుంచే లెక్కకట్టిన ఒక వేలిముద్ర ఉంటుంది. దాంట్లో అంతకుముందు మార్పు వేలిముద్రా కలిసి ఉంటుంది. ఎక్కడో పాత లైను ఒకటి మారిస్తే అక్కణ్నుంచి ఈరోజు దాకా వేలిముద్రలన్నీ మారిపోతాయి. టీములో ప్రతివాడి దగ్గరా ఓ నకలుంటుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. అలాగని పాత పేజీలు దిద్దకుండా, మన పేరుతో కొత్త పేజీ రాసేవాణ్ని గిట్ ఆపదు. 2021 మార్చిలో పీహెచ్‌పీ భాషకు చెందిన గిట్ సర్వర్‌లో సరిగ్గా అదే జరిగింది. ఆ భాష సృష్టికర్త రాస్మస్ లెర్డార్ఫ్ పేరుతో ఎవరో దొంగ మార్పు పెట్టారు. అక్షరదోషం దిద్దినట్టు పైకి కనిపించిన ఆ మార్పును కొన్ని గంటల్లోనే తోటివాళ్లు చదివి పట్టేశారు. ఆ తరవాత వాళ్లు సొంత సర్వర్ మానేసి గిట్‌హబ్‌కి మారిపోయారు.

చాలామంది ఇప్పుడు అదే దారిలో ఉన్నారు, సొంతిల్లు వద్దనుకుని అద్దెకు వెళ్లిపోతున్నారు. సీహెచ్‌రూట్ మాత్రం పోలేదు, పిల్లల్ని కంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ యునిక్స్ 'జైల్' అనే పేరుతోనే గట్టి గోడలు కట్టింది. 2005లో సోలారిస్ 'జోన్స్' తెచ్చింది. 2013లో వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నిటినీ ఊపేసిన డాకర్ కంటెయినర్లూ ఆ వంశానివే. వాటిలో ప్రోగ్రామ్‌కి ఫైళ్లే కాదు, పక్కనున్న ప్రోగ్రాములూ నెట్‌వర్కూ కూడా కనబడవు. దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ అవ్వడానికి అందరూ వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అయితే, 2002 నుంచి పాస్‌వర్డ్ అడిగే పనివాణ్ని తీసుకెళ్లి ఏమీలేని ఓ ఖాళీ ఫోల్డర్‌లో కూర్చోబెడుతోంది. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులోనూ ప్రతి యాప్‌కీ ఓ వేరే యూజర్ నంబరుంది, ఒకదాని సామాను ఇంకోదానికి కనబడకుండా.

మేడమీద లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. లైబ్రరీలు సర్దాడు. షెల్ తీసేశాడు. యజమాని హోదా పీకేశాడు. స్నేహితుడి ఇంట్లో ఉన్న రెండో కంప్యూటర్ వచ్చి చిట్టా నకలు తీసుకెళ్లేలా ఏర్పాటు చేశాడు. పరీక్ష కోసం ఒక చిన్న మార్పు చేసి పంపాడు. గుమాస్తా జైల్లో ఉండే దాన్ని బుద్ధిగా చిట్టాలో రాసుకున్నాడు. తీసుకుని చూస్తే చిట్టాలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చల్లారిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగి, ఆఖరిసారి లాగ్ తెరిచాడు.

గోడగడియారంలో తెల్లవారుజాము మూడున్నర. లాగ్‌లో... రాత్రి పది!

లోకల్‌టైమ్ ఫైలు లోపల పెట్టడం మర్చిపోయాడు.